ఆ గడి ఖాళీగా వదలకండి: డాలస్ కౌంటీ తెలుగువారికి బహిరంగ లేఖ

డాలస్ కౌంటీలో ఓటున్న తెలుగువారికి, మన సంఘాల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

నాకు 2013లో అమెరికా పౌరసత్వం వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో మొదటిసారి ఓటు వేశాను. గవర్నరు, సెనేటరు పేర్ల దగ్గర ఆగి, ఆలోచించి ఓటేశాను. ఆ తర్వాత వరసగా జడ్జీల పేర్లు, కౌంటీ పదవుల పేర్లు వచ్చాయి. ఒక్కరూ తెలియదు. తెలియకుండా ఎవరికో వేయడం కంటే వేయకపోవడమే మంచిదనుకుని అన్నీ ఖాళీగా వదిలేసి బయటికి వచ్చాను. అలా వదిలేసిన వాటిలో డాలస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ పదవి ఒకటి. ఆ గడిలో ఉన్న పేర్లలో ఒకటి క్రెయిగ్ వాట్కిన్స్. ఆ ఎన్నికలో ఆయన స్వల్ప తేడాతో ఓడిపోయారు. 2023 డిసెంబరు 12న, 56 ఏళ్ల వయసులో చనిపోయారు. మనిషి పోయాక పేపర్లో వచ్చిన వార్త చదివి, ఆ తర్వాత ఒక్కొక్కటీ వెతుక్కుంటూ పోతే, నేను పదేళ్ల కిందట ఖాళీగా వదిలేసింది ఎలాంటి గడో అర్థమైంది. ఆ బాధతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పదవి సంగతి చెబుతాను. మన ఊళ్లలో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని ప్రభుత్వం నియమిస్తుంది. పీపీ గారెవరో కోర్టు పని పడిన వాళ్లకు తప్ప మిగతావాళ్లకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ పెద్దగా రాదు. ఇక్కడ అలా కాదు. డిస్ట్రిక్ట్ అటార్నీని, అంటే డీఏని, మనమే ఎన్నుకుంటాం, నాలుగేళ్లకోసారి. పోలీసులు అరెస్టు చేసి తీసుకొచ్చిన మనిషి మీద కేసు నడపాలా, వదిలేయాలా, ఏ సెక్షన్ పెట్టాలి, ఎంత శిక్ష అడగాలి, 'నేరం ఒప్పుకో, శిక్ష తగ్గిస్తాం' అని బేరం పెట్టాలా, ఇవన్నీ ఆ ఆఫీసు చేతిలో ఉంటాయి. శిక్ష పడే కేసుల్లో నూటికి తొంభైకి పైగా ఆ బేరంతోనే ముగుస్తాయి, విచారణ దాకా వెళ్లవు. అంటే ఎక్కువ మంది విషయంలో చివరి మాట జడ్జిది కాదు, జ్యూరీది కాదు, డీఏ ఆఫీసుది.

మన పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ తగులుతుంది. స్టూడెంట్ వీసా మీదో హెచ్‌1బీ మీదో ఉన్న కుర్రాడి మీద షాపులో చిన్న దొంగతనం కేసు పడిందనుకోండి. 'ఒప్పేసుకో, ఫైన్ కట్టి బయటపడతావు' అని పక్కవాళ్లు చెప్తారు. ఒప్పుకున్నాక వీసా దగ్గర, గ్రీన్ కార్డ్ దగ్గర ఆ కాగితం మళ్లీ పైకి వస్తుంది. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందని లాయరు తన క్లయింటుకు ముందే చెప్పి తీరాలని 2010లో పాడిల్యా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. అంత పెద్ద విషయం కాబట్టే చెప్పింది. ఆ పిల్లాడికి ఓటు లేదు. ఓటున్నది మనకి. మనం ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాం.

ఇక వాట్కిన్స్ గురించి. ఆయన 1967లో డాలస్‌లోనే పుట్టారు. ప్రెయిరీ వ్యూ ఏ అండ్ ఎంలో డిగ్రీ, టెక్సాస్ వెస్లియన్‌లో లా చదివారు. చదువయ్యాక ఇదే డీఏ ఆఫీసులో ఉద్యోగానికి దరఖాస్తు పెడితే తీసుకోలేదు. డిఫెన్స్ లాయరుగా ప్రాక్టీసు పెట్టుకున్నారు. 2002లో డీఏగా పోటీ చేసి ఓడిపోయారు. 2006లో మళ్లీ నిలబడి, ఆ ఆఫీసులోనే ఏళ్ల తరబడి పనిచేసిన సీనియర్ ప్రాసిక్యూటర్ టోబీ షూక్ మీద గెలిచారు. టెక్సాస్ మొత్తంలో డీఏగా ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఆయనే. తన ముత్తాతను 1932లో ఇదే రాష్ట్రం ఎలక్ట్రిక్ చెయిర్ మీద చంపిందని ఆయనే తర్వాత బయటపెట్టారు. ఉద్యోగానికి కూడా పనికిరాడన్న ఆఫీసుకు 2007 జనవరిలో అధిపతిగా వెళ్లారు.

ఆ ఆఫీసు ఎలాంటిదో తెలిస్తే గానీ ఆయన చేసిన పని బరువు తెలియదు. హెన్రీ వేడ్ అనే డీఏ 1951 నుంచి 36 ఏళ్లు డాలస్‌ను ఏలారు. అబార్షన్ హక్కుల కేసు 'రో వర్సెస్ వేడ్'లో ఉన్న వేడ్ ఈయనే. ఆ కాలంలో గెలుపే లెక్క. జ్యూరీలో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి అని ప్రాసిక్యూటర్లకు నేర్పే రాతలు ఆ ఆఫీసులో ఉండేవి. నల్లవాళ్లను, మైనారిటీలను పక్కన పెట్టమని వాటిలో రాసి ఉంది. ఇది ఎవరో గిట్టనివాళ్లు అన్న మాట కాదు. 1986లో డాలస్‌లో నడిచిన మిల్లర్-ఎల్ కేసులో, జ్యూరీకి అర్హులుగా మిగిలిన 11 మంది నల్లజాతీయుల్లో 10 మందిని ప్రాసిక్యూటర్లు తీసేశారు. ఆ తీర్పును 2005లో సుప్రీంకోర్టు తప్పుపట్టినప్పుడు ఈ రాతల సంగతి కూడా ఎత్తింది.

మనవాళ్లకు దగ్గరగా ఉండే కేసు ఇంకొకటి ఉంది. లెనెల్ గీటర్ అని ఒక యువ ఇంజనీరు. సౌత్ కరోలినాలో చదువుకుని ఉద్యోగం కోసం టెక్సాస్ వచ్చాడు. గ్రీన్‌విల్‌లో ఈ-సిస్టమ్స్ అనే రక్షణ రంగ కంపెనీలో పని. 1982లో బాల్చ్ స్ప్రింగ్స్‌లో ఒక చికెన్ రెస్టారెంటులో 615 డాలర్ల దోపిడీ జరిగితే ఇతన్ని పట్టుకున్నారు. ఆ టైమ్‌కి ఆఫీసులోనే ఉన్నాడని తోటి ఉద్యోగులు వచ్చి చెప్పారు. చూసినవాళ్లు 'ఇతనే' అన్నారు. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ దోషి అంది. యావజ్జీవం పడింది. 615 డాలర్లకు యావజ్జీవం! తోటి ఇంజనీర్లు ఊరుకోలేదు, గోల చేశారు, టీవీ దాకా వెళ్లింది. 1983 చివర్లో బయటికి వచ్చాడు, మరుసటి ఏడాది కేసు ఎత్తేశారు. పొద్దున బ్యాడ్జి కొట్టి ఆఫీసులో కూర్చుని, సాయంత్రం బ్యాడ్జి కొట్టి ఇంటికొచ్చే మనలాంటి ఉద్యోగి అతను. ఈ కేసు చదివిన రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

వాట్కిన్స్ కుర్చీలో కూర్చున్న ఏడాదే ఒక కొత్త విభాగం పెట్టారు. దాని పేరు కన్విక్షన్ ఇంటెగ్రిటీ యూనిట్. ఇప్పటికే పడిన శిక్షలు న్యాయంగానే పడ్డాయా అని డీఏ ఆఫీసే తిరిగి చూసుకునే విభాగం. దేశంలో అలాంటిది అదే మొదటిది. మామూలుగా ప్రాసిక్యూటర్ గెలిచిన కేసును ఎవరైనా కదిలిస్తే అడ్డుపడతాడు. ఖైదీలు డీఎన్‌ఏ పరీక్ష అడుక్కోవడానికి టెక్సాస్‌లో 2001లోనే చట్టం వచ్చింది. అయినా డాలస్‌లో అంతకుముందు ఆఫీసు చాలా అర్జీలను వ్యతిరేకించింది. వాట్కిన్స్ ఆ పాత అర్జీల కట్టలు, 400కు పైగా, విప్పించారు. తప్పుగా శిక్ష పడినవాళ్ల కోసం పనిచేసే ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ ఆఫ్ టెక్సాస్ వాళ్లను, వాళ్లతో పనిచేసే లా విద్యార్థులను లోపలికి రానిచ్చి ఫైళ్లు చూడమన్నారు. డాలస్ కౌంటీ ఫోరెన్సిక్ ల్యాబు పాత కేసుల శాంపిల్స్ పారేయకుండా దాచి ఉంచడం కూడా కలిసొచ్చింది. చాలా చోట్ల అవి ఎప్పుడో చెత్తలోకి పోయి ఉండేవి.

ఫలితం ఏమిటంటే, ఆయన ఎనిమిదేళ్ల కాలంలో 30 మందికి పైగా నిర్దోషులుగా బయటికి వచ్చారు.

జేమ్స్ వుడార్డ్ 27 ఏళ్లు లోపల ఉండి 2008లో వచ్చాడు. స్నేహితురాలిని చంపాడని శిక్ష. ఆ రాత్రి ఆమె వేరే ముగ్గురు మగవాళ్లతో ఉందన్న సమాచారం ప్రాసిక్యూటర్ల దగ్గర ఉంది. డిఫెన్స్‌కు చెప్పలేదు. కార్నీలియస్ డుప్రీ 1979లో అరెస్టయ్యాడు, 75 ఏళ్ల శిక్ష పడింది, 30 ఏళ్లు జైల్లో ఉన్నాడు. నేరం చేశానని ఒప్పుకుంటే ముందే పెరోల్ మీద వదిలేవాళ్లు. రెండుసార్లు ఆ అవకాశం వచ్చింది. చెయ్యనిది చేశానని ఎలా చెప్పనని లోపలే ఉండిపోయాడు. 2011 జనవరిలో కోర్టు అతన్ని నిర్దోషి అంది. మన ఇళ్లలో పిల్లలకు సత్యహరిశ్చంద్రుడి కథ చెప్తాం. ఈ మనిషి కథ కూడా చెప్పాలని నాకు అనిపించింది.

ఇలాంటి రోజుల్లో వాట్కిన్స్ స్వయంగా కోర్టుకు వెళ్లేవారు. బయటికొచ్చిన మనిషి చెయ్యి పట్టుకుని క్షమాపణ చెప్పేవారు. ఆ తప్పులు ఆయన చేసినవి కావు. ఆయన స్కూల్లో ఉన్నప్పుడు జరిగినవి కూడా వాటిలో ఉన్నాయి. అయినా ఆ కుర్చీ తరఫున చెప్పారు.

అన్నిటికంటే నన్ను కదిలించింది మైకేల్ ఫిలిప్స్ కేసు. 1990లో ఒక అత్యాచారం కేసులో ఇతను నేరం ఒప్పుకున్నాడు. చెయ్యని నేరం. విచారణకు వెళ్తే తన మాట ఎవరూ నమ్మరని, శిక్ష ఇంకా ఎక్కువ పడుతుందని భయపడి ఒప్పుకున్నాడు. 12 ఏళ్లు జైలు. బయటికి వచ్చాక కూడా ఆ ముద్ర పోలేదు. ఆరోగ్యం పాడై వీల్‌చెయిర్‌లో, నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. తన కేసు మళ్లీ చూడమని అప్పుడు అతను ఎవరినీ అడగలేదు. డీఏ ఆఫీసే పాత కేసుల్లో పరీక్ష చేయకుండా వదిలేసిన శాంపిల్స్ వరసగా తీసి పరీక్షిస్తుంటే, ఆ డీఎన్‌ఏ ఇంకొకడిదని తేలింది. 2014లో అతని పేరు మీద మచ్చ పోయింది. అడగకుండానే ప్రాసిక్యూటరు తనంతట తాను వెతికి నిర్దోషిని తేల్చడం దేశంలో అదే మొదటిసారి అన్నారు. మన కుర్రాళ్లకు 'ఒప్పేసుకుని బయటపడు' అని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కసారి ఈ మనిషిని తలచుకోవాలి.

వాట్కిన్స్‌లో లోపాలు లేవని నేను అనను. ఆఫీసు కారుతో తాను చేసిన యాక్సిడెంటుకు, జప్తు చేసిన సొమ్ము నిధి నుంచి పరిహారం చెల్లించారన్న విమర్శ గట్టిగా వచ్చింది. అది సరైన పని కాదు, ప్రజల సొమ్ము విషయంలో డీఏ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2014లో సుసాన్ హాక్ చేతిలో ఓడిపోవడంలో ఆ మచ్చకూ పాత్ర ఉంది. ఓటర్లు ఆయన్ని ఆ విషయంలో నిలదీయడం న్యాయమే. తెలిసి ఓడించడం వేరు, తెలియక ఖాళీగా వదిలేయడం వేరు. నేను చేసింది రెండోది.

ఆయన పెట్టిన విభాగం మాత్రం నిలిచింది. తర్వాత రిపబ్లికన్లు వచ్చారు, 2018లో డెమోక్రాట్ జాన్ క్రూజో గెలిచారు. ఆయన జడ్జిగా ఉండగా 1998లోనే మాదకద్రవ్యాల కేసుల్లో దొరికిన వాళ్లను జైలుకు బదులు చికిత్సకు పంపే డైవర్ట్ కోర్టు మొదలుపెట్టిన మనిషి. పార్టీలు మారినా ఆ యూనిట్ మూతపడలేదు. దాన్ని చూసి దేశంలో పదుల కౌంటీలు అలాంటివి పెట్టుకున్నాయి. నిర్దోషులుగా బయటికొచ్చిన వాళ్లు కూడా ఊరికే కూర్చోలేదు. రిచర్డ్ మైల్స్ 'మైల్స్ ఆఫ్ ఫ్రీడమ్' అనే సంస్థ పెట్టి జైలు నుంచి వచ్చేవాళ్లకు ఉద్యోగాలు, కాగితాలు చూసిపెడుతున్నాడు. క్రిస్టఫర్ స్కాట్ ఇంకా లోపలే ఉన్న నిర్దోషుల కేసులు వెతికే పనిలో పడ్డాడు. తప్పుగా జైల్లో పెట్టినందుకు ఏడాదికి 80,000 డాలర్ల లెక్కన పరిహారం ఇవ్వాలని 2009లో టెక్సాస్ చట్టం చేసింది. అనుమానితులను సాక్షులకు ఎలా చూపించాలో ప్రతి పోలీసు శాఖా లిఖితపూర్వకంగా పద్ధతి పెట్టుకోవాలని 2011లో ఇంకో చట్టం వచ్చింది.

ఇక్కడ జ్యూరీ డ్యూటీ గురించి ఒక మాట చెప్పాలి. ఆరేడేళ్ల కిందట నాకు సమన్స్ వచ్చింది. మనవాళ్లను అడిగితే అందరిదీ ఒకటే సలహా, 'ఇంగ్లీష్ సరిగా రాదని చెప్పు, వదిలేస్తారు'. ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషులో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. అలా చెప్పడానికి మనసొప్పక, వెళ్లాను. రివర్‌ఫ్రంట్ బులెవార్డ్ మీద ఉన్న ఫ్రాంక్ క్రౌలీ కోర్టుల బిల్డింగు. చేతికి ఒక నంబరు అట్ట ఇచ్చి, బల్లల మీద వరసగా కూర్చోబెట్టారు. కేసు దోపిడీ. నిందితుడు కొత్తగా కొన్న చొక్కా వేసుకుని లాయరు పక్కన కూర్చున్నాడు, కాలరు దగ్గర మడత ఇంకా పోలేదు. పాతికేళ్లు కూడా ఉన్నట్టు లేవు.

ప్రాసిక్యూటరు, చిన్న వయసు అమ్మాయి, అందరినీ ఒక ప్రశ్న అడిగింది. ఒకే ఒక్క సాక్షి ఉండి, ఆ సాక్షి మాట మీకు ఏ అనుమానమూ లేకుండా నమ్మకం కలిగిస్తే, దోషి అని చెప్పగలరా? టెక్సాస్‌లో ఇది మామూలుగా అడిగే ప్రశ్నేనని తర్వాత తెలిసింది. నంబర్ల వరసన ఒక్కొక్కరే 'చెప్పగలను' అంటున్నారు. నా వంతు వచ్చింది, నేనూ 'చెప్పగలను' అన్నాను. నా వెనక వరసలో ఒక నల్లజాతి పెద్దావిడ ఉన్నారు. ఆవిడ అట్ట పైకెత్తి, 'సాక్షి అబద్ధం చెప్పకపోవచ్చు, కానీ పొరబడితే?' అన్నారు. గది నిశ్శబ్దమైంది. ప్రాసిక్యూటరు మర్యాదగానే, అనుమానం ఉంటే దోషి అనక్కర్లేదని జవాబు చెప్పింది.

ఆ రోజు నన్ను తీసుకోలేదు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాను. ఆవిడ మాట అప్పుడు నా తలకెక్కలేదు. డుప్రీ గురించి, గీటర్ గురించి చదివాక ఎక్కింది. వాళ్లను చూపించి 'ఇతనే' అన్న సాక్షులు అబద్ధాలకోరులు కారు. నిజంగానే అలా అనుకున్నారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఆవిడకు అది ఎవరూ చెప్పకుండానే తెలుసు. నాకు తెలియదు. జ్యూరీవాళ్ల ఆ పన్నెండు కుర్చీల్లో నాలాంటివాళ్లే కూర్చుంటే ఏమయ్యేది?

'ఊరుకున్నంత ఉత్తమం లేదు' అనుకుని మనం కోర్టులకు, కౌంటీ రాజకీయాలకు దూరంగా ఉంటూ వచ్చాం. వచ్చిన కొత్తలో అది సహజం. ఉద్యోగం నిలబెట్టుకోవాలి, పిల్లల స్కూళ్లు, వీసా టెన్షన్లు. ఇప్పుడు ఇర్వింగ్‌లో, కొపెల్‌లో మనం వీధులకు వీధులు ఉన్నాం. 2006లో వాట్కిన్స్ గెలిచిందీ, 2014లో ఓడిందీ దగ్గర పోటీల్లోనే. గుడి దగ్గర ఒక ఆదివారం పోగయ్యే మనవాళ్లంతా బ్యాలెట్ చివరిదాకా ఓటేస్తే అలాంటి పోటీలో అది చిన్న విషయం కాదు.

సంఘాల కార్యవర్గాలకు నా విన్నపం ఒకటుంది. ఉగాదికి, సంక్రాంతికి మేయర్లను, కౌన్సిల్ సభ్యులను పిలుస్తాం, శాలువా కప్పి ఫొటో దిగుతాం. డీఏ ఎన్నిక నాలుగేళ్లకోసారి, 2022 తర్వాత 2026లో. రెండు పార్టీల అభ్యర్థులనూ పిలవండి. శాలువా కప్పండి, తప్పులేదు, కానీ అరగంట ప్రశ్నలకు ఉంచండి. కన్విక్షన్ ఇంటెగ్రిటీ యూనిట్‌లో ఎంతమంది లాయర్లను పెడతారని అడగండి. వీసా మీద ఉన్న పిల్లవాడు మొదటిసారి చిన్న కేసులో దొరికితే, వీసా పోకుండా సరిదిద్దుకునే దారి ఇస్తారా అని అడగండి. భార్యను కొట్టిన వాడి మీద కేసు పెట్టడానికి వచ్చిన అమ్మాయికి తెలుగులో మాట్లాడే దుబాసీని మీ ఆఫీసు ఏర్పాటు చేస్తుందా అని కూడా అడగండి. మనవాళ్లలో బాధితులు కూడా ఉన్నారు, వాళ్ల కేసు నడిపేదీ ఆ ఆఫీసే.

ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉన్నవాళ్లు ఇది డాలస్ వాళ్ల గొడవ అనుకోవద్దు. కాలిన్ కౌంటీకి వేరే డీఏ ఉన్నారు, డెంటన్ కౌంటీకి వేరే ఉన్నారు. ఫ్రిస్కో ఊరే రెండు కౌంటీల్లో ఉంది కాబట్టి మీ ఇల్లు ఎందులోకి వస్తుందో ఓటరు కార్డు తీసి చూసుకోండి.

ఇంకొక చిన్న సంగతి. ఒకే బటన్ నొక్కితే పార్టీ మొత్తానికి ఓటు పడే పద్ధతి టెక్సాస్‌లో 2020 నుంచి లేదు. ఒక్కో పదవికీ విడిగా నొక్కుకుంటూ వెళ్లాలి, లేకపోతే కింది గడులన్నీ ఖాళీగా మిగిలిపోతాయి. పోలింగ్ గదిలో ఫోన్ తీయనివ్వరు. కాగితం మీద పేర్లు రాసుకుని వెళ్లొచ్చు. కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో మీ అడ్రసు కొడితే మీకు వచ్చే నమూనా బ్యాలెట్ కనిపిస్తుంది. ఇంట్లో టీ తాగుతూ భార్యాభర్తలు కలిసి చూసుకుంటే గంట పని. వెబ్‌సైట్ చూడటం రాని పెద్దవాళ్లు ఉంటే చెప్పండి, ముందస్తు ఓటింగ్ మొదలయ్యే ముందు వచ్చే రెండు శనివారాలు నేను ఇర్వింగ్ లైబ్రరీలో కూర్చుంటాను. ప్రింట్లు నేనే తెస్తాను.

ఇట్లు,
2014లో ఆ గడి ఖాళీగా వదిలేసిన మీ ఇర్వింగ్ తెలుగువాడు